గిల్బర్ట్ జాన్ ఫౌలర్

గిల్బర్ట్ జాన్ ఫౌలర్ (1868 - 1953) ఇంగ్లండుకు చెందిన రసాయన, జీవరసాయన శాస్త్రవేత్త. నేడు ప్రపంచంలోని అనేక నగరాలలో మురుగునీటి శుద్ధికి ఆధారమైన ఉత్తేజిత మడ్డి విధానం (యాక్టివేటెడ్ స్లడ్జ్) ఈయన సూచనపై జరిగిన ప్రయోగాల నుండి పుట్టింది. 1916 నుండి 1924 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడుగా పనిచేశాడు. మురుగులో కొట్టుకుపోతున్న నత్రజని తిరిగి పొలానికి చేరాలన్నది ఈయన జీవితకాలపు ఆశయం. ఆ ఆశయానికి తరువాతి కాలంలో అడ్డుతగిలినవి భారలోహాలు. మడ్డిలోని బాక్టీరియా, శైవలాలపై భారలోహాల ప్రభావం తెలియనిదే ఫౌలర్ కృషి విలువా, దాని పరిమితీ బోధపడవు. కనుక ఈ వ్యాసంలో జీవిత విశేషాలతోపాటు ఆ విషయం కూడా కొంత విపులంగా ఇవ్వబడినది.

విద్య, తొలి ఉద్యోగం

ఫౌలర్ మాంచెస్టరులోని ఓవెన్స్ కళాశాలలో రసాయనశాస్త్రం అభ్యసించి, అక్కడే బోధకుడుగా పనిచేశాడు. ఆ రోజులలో ఈయన చేసిన శుద్ధ రసాయన పరిశోధనలలో ఒకటి ఐరన్ నైట్రైడును గూర్చినది. అది 1901లో లండను కెమికల్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఇనుము, నత్రజని అనే ఈ రెండు మూలకాలు ఆ తరువాత కూడా ఈయనను వదలలేదు.

మాంచెస్టరు నూలు మిల్లులకు, అద్దకపు శాలలకు, లోహపు కర్మాగారాలకు పేరుపడిన పట్టణం. ఆ ఊరి మురుగంతా 1894లో ప్రారంభమైన డేవీహ్యూమ్ శుద్ధి కేంద్రానికి చేరేది. ఫౌలర్ అక్కడ పర్యవేక్షకుడుగాను, రసాయన శాస్త్రవేత్తగాను నియమితుడయ్యాడు. అప్పటి పద్ధతి సున్నం, ఇనుప లవణాలు కలిపి మురుగులోని మలినాలను అడుగుకు దింపడం. నీరు కొంత తేటపడేది గాని, అడుగున మిగిలిన మడ్డిని ఏమి చేయాలో ఎవరికీ తెలిసేది కాదు. మాంచెస్టరువారు దానిని ఓడకెక్కించి సముద్రంలో పారబోసేవారు. కొన్ని చోట్ల మురుగును రాళ్ళు, చిట్టెం నింపిన తొట్లలో నిలవబెట్టి, ఆ రాళ్ళపై పెరిగే బాక్టీరియాచేత శుభ్రం చేయించే పద్ధతి అప్పుడప్పుడే వ్యాపిస్తున్నది. దానికి ఎంతో స్థలం కావలసి వచ్చేది.

మురుగులోని జీవసంబంధ పదార్థాన్ని బాక్టీరియా ఆహారంగా తీసుకొని, ప్రాణవాయువు సహాయంతో బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారుస్తుంది. మరికొన్ని జాతుల బాక్టీరియా అమ్మోనియాను మొదట నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మారుస్తుంది. ఈ రెండవ పనిని నత్రీకరణం అంటారు. మురుగు పూర్తిగా శుద్ధి అయినదనడానికి ఆనాటి శాస్త్రజ్ఞులు చూసిన గుర్తు ఈ నత్రీకరణమే. పనిచేసే జాతులలో మిక్కిలి సుకుమారమైనవి కూడా ఇవే. ఈ విషయం మున్ముందు అవసరపడుతుంది.

హుగ్లీ తీరంలో

ఫౌలర్ భారతదేశానికి మొదట వచ్చినది బెంగుళూరుకు కాదు, బెంగాలుకు. కలకత్తా చుట్టుపక్కల హుగ్లీ నది ఒడ్డున ఉన్న జనపనార మిల్లులలో కూలీల కొరకు సెప్టిక్ ట్యాంకు మరుగుదొడ్లు కట్టించారు. వాటి నుండి వెలువడే నీరు నదిలో కలవడంపై వివాదం రేగింది. 1906లో బెంగాల్ ప్రభుత్వం కోరికపై ఫౌలర్ వచ్చి వాటిని పరిశీలించాడు.

ఈ సంగతి శ్రీకాకుళం జిల్లా పాఠకులకు ప్రత్యేకించి చెప్పవలసినది. టెక్కలి, పలాస, సోంపేట ప్రాంతాలు అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. తూర్పు తీరపు రైలుమార్గం కలకత్తాతో కలిసిన పిమ్మట గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి తెలుగువారు వేలాదిగా ఆ జనపనార మిల్లులకు కూలికి వెళ్ళారు. టీటాగఢ్ వంటి చోట్ల నేటికీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఫౌలర్ పరీక్షించిన ఆ మరుగుదొడ్లు కట్టినది ఇటువంటి కూలీల కొరకే. ఇంగ్లండులో కూర్చొని రూపొందించిన కొలమానాలు ఉష్ణదేశానికి యథాతథంగా సరిపోవన్న గ్రహింపు ఈ పర్యటనతోనే ఈయనకు కలిగి ఉండవచ్చు. వేడి దేశంలో బాక్టీరియా వేగంగా పనిచేస్తుంది, అంత వేగంగానూ ప్రాణవాయువును ఖర్చు చేస్తుంది.

ఫినాలు, ఇనుము, బాక్టీరియా

మాంచెస్టరు మురుగులో ఇంటి నీటితోపాటు పరిశ్రమల వ్యర్థాలూ ఉండేవి. వాటిలో ఫినాలు ఒకటి. ఫినాలు క్రిములను చంపే పదార్థం. అటువంటి దానిని బాక్టీరియాయే తిని హరించగలదా అన్న ప్రశ్నను ఫౌలర్, డేవీహ్యూములో తనతో పనిచేసిన ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్‌లతో కలిసి చేపట్టాడు. కొన్ని జాతుల బాక్టీరియా శుద్ధ సంవర్ధనంలో ఫినాలును ఆక్సీకరించగలదని చూపిన వీరి వ్యాసం 1911లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. పలాసవారికి ఈ పదార్థం కొత్తది కాదు. జీడిగింజ తొక్కలోని చేతులు పొక్కించే నూనె ఈ ఫినాలు కుటుంబానికి చెందినదే. అదికూడా బాక్టీరియాకు పడదు. అయినా క్రమంగా అలవాటు చేస్తే ఫినాలును తినే జాతులు మడ్డిలో వృద్ధి చెందుతాయి, విషం అంతరిస్తుంది. లోహం విషయంలో ఇది సాధ్యం కాదు, ఎందుకంటే ఏ జీవీ మూలకాన్ని నశింపజేయలేదు. అది నీటిలో ఉండాలి, లేదా మడ్డిలో ఉండాలి.

ఆ రోజులలోనే ఫౌలర్ సహచరుడు మంఫర్డ్, వర్స్లీ వద్ద బొగ్గుగనుల నీరు పారే సొరంగ కాలువల నుండి ఒక బాక్టీరియాను వేరుచేశాడు. దానికి ఎం-7 అని గుర్తు పెట్టారు. గాలి తగిలినపుడు అది నీటిలో కరిగి ఉన్న ఇనుమును తుప్పు రూపంలో అడుగుకు దింపుతుంది. ఫౌలర్, మంఫర్డ్ కలిసి 1913లో ఒక కొత్త పద్ధతిని ప్రకటించారు. మురుగులో కొద్దిగా ఇనుప లవణం వేసి, ఎం-7ను చేర్చి, గాలి ఊదితే, ఏర్పడే ఇనుప తెట్టు మురుగులోని సన్నని మలినాలను పట్టుకొని దిగిపోతుంది, పైనీరు తేటపడుతుంది. ఒక లోహం, ఒక బాక్టీరియా, గాలి - ఈ మూడింటి కలయిక ఇది. ఈ పద్ధతి నిలవలేదు. అయినా మడ్డి అంటే పారబోయవలసిన చెత్త కాదు, పనిముట్టు అన్న ఆలోచన ఇక్కడే చిగురించింది.

లారెన్సులోని సీసాలు

1912 చివరలో న్యూయార్కు ఓడరేవు కాలుష్యం విషయమై సలహా కొరకు ఫౌలర్ అమెరికా వెళ్ళాడు. ఆ సందర్భంలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ ప్రయోగ కేంద్రాన్ని చూశాడు. అక్కడ క్లార్క్, గేజ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సీసాలలో మురుగు పోసి గాలి ఊదుతున్నారు. సీసాలలో ఆకుపచ్చని శైవలాలు పెరిగి ఉన్నాయి, మురుగు శుద్ధి అవుతున్నది. అక్కడివారి దృష్టి శైవలాలపై ఉన్నది. ఫౌలర్ దృష్టి గాలి ఊదుతున్న కొద్దీ కూడుకొనే జీవపదార్థంపై పడింది.

మాంచెస్టరు తిరిగి వచ్చి ఈ ప్రయోగాన్ని చేసి చూడవలసిందిగా ఆర్డెర్న్, లాకెట్‌లకు సూచించాడు. వారు శైవలాలు పెరగకుండా సీసాలను వెలుతురు నుండి కాపాడారు. మొదటిసారి నత్రీకరణం పూర్తికావడానికి అయిదు వారాల పాటు గాలి ఊదవలసి వచ్చింది. అంతటితో సీసా కడిగి మళ్ళీ మొదలుపెట్టి ఉంటే ఆ ప్రయోగం మరుగున పడేది. వారు అలా చేయలేదు. పైనున్న తేటనీటిని వంచి, అడుగున దిగిన మడ్డిని అలాగే ఉంచి, దానిపై కొత్త మురుగు పోశారు. రెండవమారు తక్కువ సమయం పట్టింది. ఇలా మళ్ళీ మళ్ళీ చేయగా, చివరకు ఇరవైనాలుగు గంటలలోపే అదే పని పూర్తి అయింది. ఆ మడ్డి పనికి అలవాటుపడిన కోట్ల కొలది బాక్టీరియా గుంపు. పెరుగు తోడువేయడానికి నిన్నటి పెరుగు దాచుకొన్నట్లు, రేపటి మురుగు కొరకు నేటి మడ్డిని దాచుకోవడమే ఈ విధానంలోని కీలకం. 1914 ఏప్రిల్ 3న మాంచెస్టరులో జరిగిన రసాయన పరిశ్రమల సంఘం సమావేశంలో ఆర్డెర్న్, లాకెట్ ఈ ఫలితాలను చదివారు. ఉత్తేజిత మడ్డి అన్న పేరు వారు పెట్టినదే.

ఆ వ్యాసంపై ఫౌలర్ పేరు లేదు. చాలా పాఠ్యపుస్తకాలలో ఆర్డెర్న్, లాకెట్ పేర్లు మాత్రమే కనిపించడానికి అదే కారణం. దారి చూపినవాడు ఒకరు, నడిచి గమ్యం చేరినవారు ఇద్దరు అనడం న్యాయం. కొద్ది సంవత్సరాలలోనే ఇంగ్లండులో వూస్టరు (1916), అమెరికాలో హ్యూస్టన్ మొదలైన చోట్ల పెద్ద కేంద్రాలు వెలిశాయి.

బెంగుళూరు

1916లో ఫౌలర్ భారతీయ విజ్ఞాన సంస్థలో అనువర్తిత రసాయనశాస్త్ర ఆచార్యుడుగా చేరాడు. 1921లో అక్కడ జీవరసాయన శాఖ ఏర్పడినపుడు దానికి అధిపతి అయ్యాడు. మన దేశంలో జీవరసాయనశాస్త్రం ప్రత్యేక శాఖగా నిలదొక్కుకోవడంలో ఈ నియామకానికి తగిన స్థానం ఉన్నది. ఇక్కడ ఈయన చేపట్టిన విషయాలు ఈ దేశపు సరుకుల చుట్టూ తిరిగాయి. ఇప్పపువ్వు నుండి సారాయి వంటి ద్రావణులు తీయడం, లక్క, పేడ, ఊడ్పు చెత్త వంటివి అందులో ఉన్నాయి. ఉష్ణదేశపు మురుగుపై ఉత్తేజిత మడ్డి ఎలా పనిచేస్తుందో కూడా ఇక్కడ పరిశీలించారు.

ఫౌలర్, ఆయన సహచరుడు రేగే కలిసి ఉత్తేజిత కంపోస్టు పద్ధతిని రూపొందించారు. ఎండుచెత్తపై పేడనీరు వంటి తోడును చేర్చి, గాలి ఆడేలా తిరగవేస్తూ, మాగిన భాగాన్ని కొత్త చెత్తకు మళ్ళీ తోడుగా వేయడమే ఆ పద్ధతి. సూత్రం మాంచెస్టరు సీసాలలోనిదే, నీటికి బదులు చెత్త. ఇందోరులో కంపోస్టు పద్ధతికి ప్రసిద్ధి తెచ్చిన ఆల్బర్ట్ హోవర్డ్ తన 1931 నాటి గ్రంథంలో వీరి కృషిని చర్చించాడు. మన ప్రాంతపు రైతు గత్తం కుప్పను తరతరాలుగా వేస్తూనే ఉన్నాడు. ఫౌలర్ చేసినది ఆ కుప్పలో నత్రజని ఎక్కడ పోతున్నదో, ఎలా నిలుస్తుందో లెక్కకట్టడం.

ఫౌలర్ తరువాత కూడా ఆ సంస్థలో మురుగుపై పరిశోధన ఆగలేదు. ఉత్తేజిత మడ్డిలో బాక్టీరియాతోపాటు ఏకకణ జంతువులకూ ముఖ్యమైన పాత్ర ఉన్నదని పిళ్ళై, సుబ్రహ్మణ్యన్ 1940లలో నిరూపించారు.

భారలోహాలు, మడ్డిలోని జీవులు

రాగి, జింకు, నికెల్, క్రోమియం, కాడ్మియం, సీసం, పాదరసం మొదలైన వాటిని భారలోహాలు అంటారు. వీటిలో రాగి, జింకు వంటివి అత్యల్ప మాత్రలో జీవులకు అవసరం కూడా. మోతాదు మించితే అవే విషాలు. కాడ్మియం, సీసం, పాదరసాలు ఏ మాత్రలోనూ మడ్డిలోని జీవులకు పనికివచ్చేవి కావు. ఈ లోహాలు కణంలోని ఎంజైములలో ఉండే గంధకపు సమూహాలకు గట్టిగా అంటుకొని ఎంజైము పనిని ఆపివేస్తాయి. క్రోమియంలో షడ్బంధక రూపం కణంలోకి సులువుగా చొరబడుతుంది, త్రిబంధక రూపం అంతగా చొరబడదు. అందుకే మన దేశపు నియమాలలో నదులు, చెరువులలో కలిపే వ్యర్థజలాలలో మొత్తం క్రోమియం లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండవచ్చునంటూ, షడ్బంధక క్రోమియం మాత్రం 0.1 మిల్లీగ్రాము మించరాదన్నారు.

లోహం ఒక్కసారిగా పెద్ద మోతాదులో వచ్చిపడితే ముందుగా దెబ్బతినేవి పైన చెప్పిన నత్రీకరణ బాక్టీరియా. అవి నెమ్మదిగా పెరిగే జాతులు కనుక తిరిగి కోలుకోవడానికి రోజులు, వారాలు పడుతుంది. బయటికి పోయే నీటిలో అమ్మోనియా అకస్మాత్తుగా పెరిగితే, పైనుండి ఏదో విషం వచ్చిందని కేంద్రంలో పనిచేసేవారు అనుమానిస్తారు. తరువాత గుబురుగా ఉండే మడ్డి ముద్దలు విడిపోతాయి, మడ్డి సరిగా దిగదు, పైనీరు మసకబారుతుంది. అదే లోహం కొద్దికొద్దిగా చాలాకాలం వస్తుంటే తట్టుకొనే జాతులు పైచేయి సాధిస్తాయి. కొన్ని బాక్టీరియాలలో లోహాన్ని కణం నుండి బయటకు నెట్టివేసే ఏర్పాటు ఉంటుంది. అలాంటి ఒక జాతిని 1976లో బెల్జియంలోని జింకు కర్మాగారపు మడ్డి నుండి వేరుచేశారు.

శైవలాల సంగతి వేరు. ఆక్సీకరణ కుంటలలో శైవలాలు పగటివేళ ప్రాణవాయువు విడుదల చేస్తాయి, దానితో బాక్టీరియా మురుగును హరిస్తుంది. బాక్టీరియా విడిచే బొగ్గుపులుసు వాయువు శైవలాలకు ఆహారమవుతుంది. రాగి ఈ శైవలాల కిరణజన్య సంయోగక్రియను దెబ్బతీస్తుంది. 1904లో అమెరికాలో మూర్, కెల్లర్మన్ మంచినీటి జలాశయాలలో నాచును చంపడానికి మైలుతుత్తం వాడవచ్చని చూపారు. లీటరుకు ఒక మిల్లీగ్రాముకంటె తక్కువే చాలా జాతులకు సరిపోతుంది. జలాశయంలో మందైనది కుంటలో ప్రమాదం. శైవలాలు చస్తే ప్రాణవాయువు తగ్గుతుంది, దానితో లోహం నేరుగా తాకని బాక్టీరియా కూడా చతికిలబడుతుంది, కుంట దుర్వాసన కొడుతుంది. మరొకవైపు, బతికి ఉన్న శైవలాలే తమ కణకవచంపై లోహాన్ని పట్టి ఉంచుతాయి. పగలు అవి కుంటలోని నీటిని క్షారగుణంవైపు మళ్ళిస్తాయి కనుక కొంత లోహం అడుగుకు దిగిపోతుంది.

ఇక మడ్డి ముద్దల చుట్టూ బాక్టీరియా స్రవించే జిగురు ఉంటుంది. నీటిలోని లోహంలో చాలా భాగం ఈ జిగురుకు అంటుకొంటుంది. నీరు శుభ్రపడిందని సంతోషించవచ్చు గాని, లోహం ఎక్కడికీ పోలేదు. విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసుకొంటే విషయం తేటపడుతుంది. ఒక లీటరు మురుగులో 0.1 మిల్లీగ్రాము సీసం ఉన్నదనుకొందాము. జలాశయాలలోకి వదిలే వ్యర్థజలాలకు నియమాలు అనుమతించిన హద్దు ఇదే. ఆ లీటరు నుండి 0.2 గ్రాముల ఎండు మడ్డి వస్తుందనీ, సీసమంతా దానిలో చిక్కుకొన్నదనీ భావిస్తే, కిలో మడ్డిలో 500 మిల్లీగ్రాముల సీసం ఉంటుంది. భారత ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నగర కంపోస్టులో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదు. అంటే హద్దులో ఉన్న నీటి నుండి హద్దుకు అయిదు రెట్లు మించిన మడ్డి వచ్చింది. సగమే చిక్కినా రెండున్నర రెట్లు. ఫౌలర్ పొలానికి పంపదలచిన నత్రజనీ, పొలానికి చేరకూడని లోహమూ ఒకే ముద్దలో ఉన్నాయి. వాటిని విడదీయడం ఖర్చుతో కూడిన పని. పరిశ్రమల నీటిని ఊరి మురుగులో కలపకుండా, లోహాన్ని పుట్టినచోటనే పట్టుకోవడం ఒక్కటే చవకైన మార్గం.

తెలుగు ప్రాంతంలో

ఈ ప్రశ్న మనకు పుస్తకాలలోనిది కాదు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థాలు నక్కవాగులో కలవడంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 1994లో అక్కడ పరిశ్రమలకు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పడింది. ఆ కేంద్రంలో శుద్ధి అయిన నీటిని తరువాత గొట్టాల ద్వారా అంబర్‌పేటలోని నగర మురుగు శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. ఊరి మురుగును, పరిశ్రమల నీటిని కలపడం మంచిదా కాదా అన్న పాత చర్చ అలా మళ్ళీ ముందుకు వచ్చింది. విశాఖపట్నంలో 1977లో ప్రారంభమైన జింకు కర్మాగారం 2012లో మూతపడింది.

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో అటువంటి భారీ లోహ పరిశ్రమ లేదు. టెక్కలి ప్రాంతపు గ్రానైటు కోత కేంద్రాల నీటిలో ఉండేది ముఖ్యంగా రాతిపొడి. పలాస జీడి పరిశ్రమ సంగతి పైన చెప్పబడినది. కనుక ఇక్కడి ఇళ్ళ సెప్టిక్ ట్యాంకుల మడ్డి, పెద్ద పారిశ్రామిక నగరాల మడ్డికంటె ఫౌలర్ ఆశించిన ఎరువుకు దగ్గరగా ఉండే అవకాశం ఉన్నది. అయితే రోగక్రిములు నశించేలా బాగా మాగబెట్టి, పరీక్షించిన పిమ్మటనే దానిని కొబ్బరి, జీడి తోటలకు వాడాలి.

ఉద్దానం మూత్రపిండాల వ్యాధితో దీనిని ముడిపెట్టరాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస తదితర మండలాలలో ప్రబలిన ఆ వ్యాధికి భూగర్భజలంలోని భారలోహాలు, సిలికా, పురుగుమందులు, ఎండలో పనిచేసేవారి శరీరంలో నీరు తగ్గడం మొదలైన వాటినన్నింటినీ పరిశోధకులు పరిశీలించారు గాని, కారణం నిర్ధారణ కాలేదు. హిరమండలం నుండి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే మంచినీటి పథకం, పలాసలోని కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. త్రాగునీటి సమస్య వేరు, మురుగు శుద్ధి వేరు. రెండింటికీ సామాన్యమైనది ఒకటే: నీటిలో ఏమున్నదో క్రమం తప్పక కొలుస్తూ ఉండడం.

చివరి దశ, రచనలు

1924లో బెంగుళూరు సంస్థను వీడిన తరువాత కూడా ఫౌలర్ భారతదేశంతో సంబంధం తెంచుకోలేదు. 1920ల చివరలో కాన్పూరులోని హార్‌కోర్ట్ బట్లర్ సాంకేతిక సంస్థకు అధిపతిగా ఉన్నాడు. 1953లో మరణించాడు.

ఈయన పుస్తకాలలో మొదటిది మురుగు శుద్ధి కేంద్రాలలో చేయవలసిన రసాయన పరీక్షలను గూర్చినది (1902). బాక్టీరియా, ఎంజైముల రసాయనశాస్త్రానికి ప్రవేశికగా వ్రాసినది 1911లో వెలువడింది. నత్రజని పరిరక్షణలోని జీవరసాయనాన్ని గూర్చిన గ్రంథం 1934లో లండనులో ప్రచురితమైనది. మాంచెస్టరు, బెంగుళూరు అనుభవాల సారమంతా ఈ చివరి గ్రంథంలో కనిపిస్తుంది.